సబ్బుల సంగతి తర్వాత, ముందు వాడేసిన బ్లేడ్ల డబ్బా సంగతి చూడు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మామూలుగా ఐతే ముందు నా బీపీ, తర్వాత మీ అత్తయ్య మోకాళ్ళు, ఆ తర్వాత నీ మీద చాడీలు, అదీ వరస. నిన్న మాత్రం ఫోనెత్తగానే "అన్నయ్యా, వీడు గడ్డం గీసుకోడానికి మూడు రేజర్లు తెప్పించాడు, నాలుగు సబ్బులు, రెండు బ్రష్షులు, బ్లేడ్లైతే అట్టపెట్టె నిండా ఉన్నాయి, ఇప్పుడు సెలూన్లో వాడే మడత కత్తి కూడా కావాలంటున్నాడు, నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. గొంతులో భయముంది, లోపల్లోపల మురిపెం కూడా ఉంది, నీ గురించి మాట్లాడితే దానికెప్పుడూ ఆ రెండూ కలిసే వస్తాయి. అన్నిటికీ ఒక ఫోటో తీసి కూడా పంపింది.

నాకైతే ముందు భలే సంతోషమేసిందిరా. అందరూ డబ్బా నొక్కితే బుస్సుమని వచ్చే నురగ పూసుకుని, ఒకే తలలో ఐదు బ్లేడ్లు బిగించిన కార్ట్రిడ్జ్‌తో రెండు నిమిషాల్లో గీకి పడేస్తుంటే నువ్వు బ్రష్‌తో నురగ కలుపుకుందాం అనుకున్నావంటే మీ తాతయ్య పోలిక ఎక్కడో తగిలినట్టే. ఆయన అద్దం ముందు నిలబడితే ఇంట్లో ఎవరం పలకరించే వాళ్ళం కాదు. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు, "అట్టపెట్టె నిండా బ్లేడ్లు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఎందుకో కింద రాస్తా. పొద్దున్నే లేచి ఫోన్లోనే టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

ముందు తిట్టేస్తా. అన్నీ ఒకేసారి ఎందుకు తెప్పించావురా? కొత్త సబ్బు, కొత్త బ్రష్, కొత్త రేజర్, కొత్త బ్లేడు, నాలుగూ ఒకే రోజు మొహం మీద పెట్టావనుకో, సాయంత్రానికి మెడంతా మంటెత్తితే తప్పు దేనిదంటావు? సబ్బులో వాసన పడలేదా, బ్లేడు గీరుతోందా, రేజర్ వాలు కుదరలేదా, నీ చెయ్యే బరువా? ఏమీ తేలదు. మర్నాడు మళ్ళీ నాలుగూ మారుస్తావు, మళ్ళీ మంట. అందుకని ఒక రేజర్, ఒక సబ్బు, ఒక బ్రష్, ఒకే రకం బ్లేడు పెట్టుకుని మూడు వారాలు వాడు, విసుగొచ్చినా సరే. తర్వాత ఒక్కటి మార్చు, మిగతా మూడూ కదపకు. తెలిసినవాళ్ళు ముందు బ్లేడ్లు మార్చి చూడమంటారు, మొహానికి తేడా బాగా తెలిసేది వాటితోనే, ఒకరికి హాయిగా నడిచిన బ్లేడు ఇంకొకరిని గీరేస్తుంది. అదీ నిజమే. నేను మాత్రం ముందు సబ్బులే మార్చుకోమంటా, సబ్బు ఎవర్నీ కొయ్యదు కాబట్టి. మావయ్యకి పిరికితనం అనుకో.

మొహం వేడినీళ్ళతో తడిపి రెండు మూడు నిమిషాలు ఆగు, తడిసిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది. గడ్డం ఎటు వాలి ఉందో పొడిగా ఉన్నప్పుడే చేత్తో తడిమి చూసుకో, చెంపల మీద కిందకే ఉంటుంది గానీ మెడ మీద పక్కలకీ, పైకీ, ఒక్కోచోట సుడి తిరిగి కూడా ఉంటుంది. దీనికింతకంటే రాయక్కర్లేదు.

ఇక సబ్బులు. ఫోటోలో ఆకుపచ్చ ప్రోరాసో కనిపించింది, దాంతో మొదలెట్టు. ఇటలీ వాళ్ళది, 1948 నుంచి ఉంది, యూకలిప్టస్, మెంథాల్ వేస్తారు, రాసుకోగానే మొహం చల్లగా జిల్లుమంటుంది. బ్రష్ తగలగానే నురగిస్తుంది కాబట్టి చేతకాని వాళ్ళని కూడా క్షమిస్తుంది. ఆర్కో స్టిక్ టర్కీది, దాన్ని తడి గడ్డం మీద నేరుగా రుద్దేసి పైన బ్రష్ తిప్పడమే, పని భలే చేస్తుంది గానీ వాసన అచ్చం బట్టల సబ్బే, మీ అమ్మ ముక్కు మూసుకుంటే నన్ననకు. చెల్లా అన్న సబ్బుది బాదం వాసన. ఆ మిచెల్స్ వుల్ ఫ్యాట్ ఉంది చూడు, అది చివరికి ఉంచుకో. అందులో గొర్రె ఉన్ని నుంచి తీసిన లానోలిన్ ఉంటుంది, గీసుకున్నాక చర్మం ఎంత మెత్తగా ఉంటుందో చెప్పలేను, కానీ చెయ్యి తిరగనివాడికి అది నురగివ్వదు. మొదటి రోజే దాన్ని తీసి, పావుగంట తిప్పి, ఇది పనికిరాదు అని అటక మీద పడేసిన వాడిని నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ కనిపిస్తాడు.

స్నానం సబ్బుతో ఎందుకు కాదు అని నువ్వు అడుగుతావు, అడగాలి కూడా. స్నానం సబ్బు మామూలుగా సోడా క్షారంతో చేస్తారు, షేవింగ్ సబ్బులో పొటాష్ క్షారం కూడా వాడతారు, స్టియరిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ వేస్తారు, అందుకే దాని నురగ చిక్కగా, తడిగా చాలాసేపు నిలబడుతుంది. స్నానం సబ్బు నురగ రెండో చెంపకి వచ్చేసరికే ఆరిపోతుంది. ఇంకోటి, నీళ్ళు. ఉప్పు నీళ్ళంటాం కదా, అందులో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుని పట్టేసుకుని తెట్టు కట్టిస్తాయి, నురగ పుట్టదు. ఏ సబ్బునైనా తిట్టే ముందు ఒక్కసారి డిస్టిల్డ్ వాటర్ తో కలిపి చూడు, అప్పుడు పొంగిందంటే తప్పు సబ్బుది కాదు.

నురగ ఎలా ఉండాలో ఎవరూ సరిగ్గా చెప్పరు, నేను చెప్తా విను. బ్రష్ తడిపి రెండుసార్లు విదిలించు. సబ్బు మీద అర నిమిషం తిప్పు, ముందు బుడగలొస్తాయి, తర్వాత జిగురుగా తెల్లటి పేస్ట్ లా కుచ్చుకి పట్టుకుంటుంది, అప్పుడాపు. మొహం మీద తిప్పుతూ బ్రష్ కొసలు నీళ్ళల్లో ముంచుతూ రెండేసి చుక్కలు కలుపు. నీళ్ళు చాలకపోతే నురగ మందంగా, చూడ్డానికి గొప్పగా ఉంటుంది, రేజర్ పెడితే మాత్రం అతుక్కుపోతుంది. నీళ్ళు ఎక్కువైతే బుడగలు బుడగలుగా జారిపోతుంది. సరిగ్గా కుదిరిన నురగలో బుడగ అన్నది కనపడదు, మెరుస్తుంది, వేళ్ళ మధ్య పెట్టి రుద్దితే జర్రున జారుతుంది. కొత్తవాళ్ళంతా నీళ్ళు తక్కువే పోస్తారు. నువ్వు భయపడే దానికంటే ఇంకొంచెం పొయ్యి.

బ్రష్షుల సంగతి తొందరగా ముగిస్తా. ఆ ఒమేగా బ్రష్ పంది వెంట్రుకలది, వాడే ముందు కాసేపు గోరువెచ్చటి నీళ్ళల్లో నాననివ్వాలి, మొదటి వారం పశువుల కొట్టం వాసనొస్తుంది, గుచ్చుకుంటుంది కూడా, పది పదిహేను సార్లు వాడేసరికి ఒక్కో వెంట్రుక కొస రెండుగా చీలి మెత్తబడుతుంది. సింథటిక్ దానికి నానబెట్టే పని లేదు, ఇట్టే ఆరిపోతుంది. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలవి నీళ్ళు బాగా పట్టుకుంటాయి, ఇప్పుడే వద్దు. ఏదైనా సరే కుచ్చు కిందకి నలిపేసేలా నొక్కకు, వాడాక కడిగి విదిలించి గాలికి పెట్టు. ఎక్కడో పాత సామాన్లలో దొరికిందని వందేళ్ళ నాటి జంతువుల వెంట్రుకల బ్రష్ మాత్రం కొని తేకు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో శుభ్రం చెయ్యని గుర్రపు వెంట్రుకలతో చేసిన బ్రష్షుల వల్ల సైనికులకి ఆంత్రాక్స్ జబ్బు సోకింది, కొందరు చచ్చిపోయారు కూడా. ఆ క్రిమి పొట్టు కట్టుకుని ఏళ్ళ తరబడి అలాగే ఉండగలదు. పాత లోహపు రేజర్ కైతే పర్లేదు, వేడి సబ్బు నీళ్ళల్లో తోముకుంటే చాలు.

ఇప్పుడు బ్లేడ్లు. ఇక్కడ నువ్వు ఫోన్ పక్కన పెట్టి వెళ్ళిపోకు, మొత్తం చదువు.

వాడి పారేసే బ్లేడు అన్నదే కొత్త ఆలోచన. అంతకు ముందు ఎక్కువగా కత్తే, రోజూ తోలు మీద నూరుకుంటూ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు, పారేసేదేం లేదు. జిల్లెట్ కంపెనీ 1903లో అమ్మకం మొదలుపెట్టినప్పుడు ఆ ఏడాదంతా అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఏడాది మొత్తానికి 168! నీ అట్టపెట్టె దానికి దగ్గరకొచ్చేట్టుంది. మరి వాడాక ఎక్కడ వెయ్యాలి? అమెరికాలో పాత ఇళ్ళల్లో స్నానాలగది అద్దం బీరువా వెనకాల సన్నటి చీలిక పెట్టేవాళ్ళు, బ్లేడు అందులో దూరిస్తే గోడ లోపల పడిపోయేది, ఇప్పుడు గోడలు కూల్చితే తుప్పు పట్టిన బ్లేడ్ల గుట్టలు బయటపడతాయట. నవ్వకు. వాళ్ళు కనీసం ఆలోచించారు.

నేను ఆలోచించలేదు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, మీ అమ్మకి పదమూడు. నీలాగే నాకూ పిచ్చి పట్టింది, నలుగురు స్నేహితులం తలొక రకం బ్లేడ్లు తెచ్చుకుని పంచుకున్నాం, ఏది గొప్పదో తేల్చేద్దామని. నాకొక తెలివైన ఆలోచన కూడా వచ్చింది. రోజుకొక బ్లేడు అంటే నిన్నటిది ఎలా ఉందో గుర్తుండదు కదా, అందుకని ఒకే రోజు ఎడమ చెంప ఒక బ్లేడుతో, కుడి చెంప ఇంకో బ్లేడుతో. చూశావా ఎంత శాస్త్రీయమో. అంటే గడ్డం సగంలో ఉండగా, చేతుల నిండా నురగతో, రేజర్ విప్పి బ్లేడు తియ్యాలి. తీసిన బ్లేడు ఒక్క నిమిషం అని ఎదురుగా ఉన్న సబ్బు పెట్టెలో పెట్టాను. రెండోది బిగించి గీసుకున్నాను. తర్వాత స్నానం చేశాను, స్నానం సబ్బు తీసుకెళ్ళి మళ్ళీ అదే పెట్టెలో పెట్టాను. పెట్టెలో ఏదో ఉందన్న సంగతే గుర్తులేదు, కుడి చెంప బాగుందా ఎడమ చెంప బాగుందా అని తడుముకుంటూ బయటికొచ్చేశాను.

బ్లేడు మందం ఎంతో తెలుసా, మిల్లీమీటర్లో పదో వంతు. తడి సబ్బు కింద అది అతుక్కుపోతే ఉన్నట్టే తెలీదు. నా తర్వాత మీ అమ్మ వెళ్ళింది. సబ్బు తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టి రుద్దుకుంది, ఎవరైనా అలాగే కదా రుద్దుకుంటారు. అది అరవలేదురా. "అన్నయ్యా, సబ్బులో ఏదో ఉంది" అంది, అంతే. నేను వెళ్ళేసరికి చేతుల్లో నురగ గులాబీ రంగులో ఉంది. ఎంత ముద్దుగా ఉందో ఆ రంగు, ఇప్పటికీ ఆ రంగు చొక్కా వేసుకోలేను. నీళ్ళు పోసి కడిగితే అప్పుడు కనపడింది, కుడి చూపుడు వేలి చివర నుంచి ఏటవాలుగా రెండో కణుపు దాకా. బొటనవేలు మీద ఇంకోటి, అది చిన్నది. నాలుగు కుట్లు పడ్డాయి. గాయం మానుతుంది గానీ నరం తెగింది, వేలి కొసకి స్పర్శ పూర్తిగా రాకపోవచ్చు అన్నారు. రాలేదు.

సాయంత్రం మీ తాతయ్య వచ్చారు. చెయ్యి చూశారు, కట్టు చూశారు. నా వైపు తిరిగి ఒక్కటే అడిగారు, "రెండోది ఎక్కడుంది?" అని. నాకు అర్థం కాలేదు. రెండో బ్లేడురా. నేను పరిగెత్తుకెళ్ళి వెతికితే కిటికీ గట్టు మీద ఉంది, అట్టముక్క కూడా చుట్టలేదు, దాని పక్కనే పళ్ళు తోముకునే బ్రష్షులు. నా చేత్తో నేనే పెట్టానట, ఎప్పుడు పెట్టానో ఈ రోజుకీ గుర్తులేదు. ఆయన అది తీసుకుని ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్ళారు, కాసేపటికి ఉలితో టక్కు టక్కు మని కొట్టిన చప్పుడు. ఖాళీ పౌడర్ డబ్బా మూతకి సన్నటి చీలిక పెట్టి, మూత ఊడి రాకుండా చుట్టూ టంకం పెట్టి, తెచ్చి అద్దం పక్కన పెట్టారు. ఆ రెండు బ్లేడ్లూ దాన్లో మొట్టమొదట పడ్డవి. ఊపితే ఇప్పటికీ వినపడతాయి.

చిన్నప్పట్నుంచి మీ అమ్మ సూదిలో దారం ఎక్కించమని నిన్ను పిలిచేది కదా. కళ్ళు ఆనక అనుకున్నావు కదూ. దాని కళ్ళకేం, నాకంటే నయం. దారం కొస వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో ఆ వేలికి తెలీదు.

అందుకని బ్లేడు గురించి నా మాట ఇదొక్కటి. రేజర్లోంచి బయటికొచ్చిన బ్లేడుకి డబ్బా తప్ప ఇంకో చోటు లేదు. ఒక్క నిమిషం అన్నది కూడా లేదు. డబ్బా చెయ్యి చాపితే అందేంత దగ్గర లేకపోతే అసలు రేజర్ విప్పకు. కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్యడం ఇంకా దొంగ పని, ఆ చెత్త ఎత్తేవాళ్ళకీ వేళ్ళుంటాయి. కొన్ని ప్లాస్టిక్ ప్యాకెట్ల వెనకాల వాడినవి దూర్చడానికి చీలిక ఉంటుంది, ఆ పద్ధతి బాగుంది, అలాంటివే కొనుక్కో. డబ్బా నిండితే చీలిక మీద గట్టిగా టేపు వేసి లోపల బ్లేడ్లున్నాయని పైన రాసి మరీ ఇవ్వు. రెండు బ్లేడ్లు పోల్చి చూడాలనుంటే ఇవాళొకటి, వచ్చే వారం ఒకటి, ఒక నోటుబుక్కులో రాసుకో, అంతేగానీ నా తెలివితేటలు నీకొద్దు.

బిగించేటప్పుడు బ్లేడుని పొడుగు అంచుల దగ్గర కాదు, పొట్టి అంచుల దగ్గర పట్టుకో, చేతులు పొడిగా తుడుచుకుని. గీసుకున్నాక బ్లేడుని తువ్వాలుతో తుడవకు, నీళ్ళల్లో ఆడించి వదిలెయ్. కొత్తది ఐదారు షేవులకి మొద్దుబారుతుంది, లాగుతున్నట్టు అనిపిస్తే ఆ రోజే తీసెయ్, పొదుపు చెయ్యకు.

రేజర్లలో ఆ మెర్కూర్ 34సీ ఒక్కటే ఇప్పుడు బయట ఉంచు. ఆ పాత జిల్లెట్ సీతాకోకచిలక రకం, కింద మర తిప్పితే రెక్కలు తెరుచుకునేది, అది కూడా నెమ్మదైనదే, తర్వాత వాడుకో. మ్యూలే ఆర్41 మాత్రం బీరువాలో పెట్టి తాళం మీ అమ్మకివ్వు. దువ్వెన పళ్ళలా ఉంది కదా దాని అంచు, ఆ ఓపెన్ కోంబ్ వల్ల కాదు భయం, బ్లేడు చాలా బయటికి ఉంటుంది, చెయ్యి కుదిరినవాడికే అది లొంగేది. దానికి తోడు ఫెదర్ బ్లేడ్లు కూడా తెచ్చుకున్నావు, జపాన్ వాళ్ళవి, వాటికంటే పదునైనవి అరుదు. ఆ రెండూ కలిపావో నేనే బండెక్కి వస్తా.

కార్ట్రిడ్జ్ కి అలవాటు పడ్డ చెయ్యి నొక్కుతుంది, అదే నీ శత్రువు. తల భాగం చెంపకి ఆనించి, పిడి నేలకి సమంగా పట్టుకుని మెల్లగా కిందకి దించుతూ రా, ఎక్కడ బ్లేడు వెంట్రుకని అందుకుంటుందో అక్కడ ఆపు, దాదాపు 30 డిగ్రీలు వస్తుంది. రేజర్ బరువే గీస్తుంది, నువ్వు ఊరికే దారి చూపించాలి. చిన్న చిన్న గీతలు, ప్రతిదానికీ చర్మం రెండో చేత్తో సాగదీసి. ముందు వాలుకి, మళ్ళీ నురగ పూసి అడ్డంగా, అంతే. ఎదురు గీత మొదటి నెల మెడ మీద వద్దే వద్దు. నీ మెడ మీద ఆ కురుపులున్నాయే, ఐదు బ్లేడ్లు వెంట్రుకని లాగి చర్మం లోపలికంటా తెంపేస్తే అది మళ్ళీ పెరిగేటప్పుడు బయటికి దారి దొరక్క లోపలే వంకర తిరిగి లేస్తాయి. ఒంటి బ్లేడుతో తగ్గొచ్చు, కానీ నున్నగా రావాలని ఎదురు గీశావంటే మళ్ళీ అవే. కాస్త గరుకు ఉంటే ఉండనీ, నీ మెడ తడిమి చూసేవాళ్ళు ఎవరున్నారు? ఉంటే మీ అమ్మకి చెప్పు, నాకెందుకు.

అయ్యాక చన్నీళ్ళతో కడిగి తడి పటిక మొహమంతా రుద్దు. చిన్న గాట్లు ఆగిపోతాయి, అంతకంటే ముఖ్యం, ఎక్కడ చురుక్కుమందో గుర్తుపెట్టుకో, అక్కడే నువ్వు నొక్కావు. ఎక్కడా చురుక్కుమనని రోజు వస్తుంది. నాకు రెండేళ్ళు పట్టింది, నీకు రెండు నెలలు చాలు, నీ చెయ్యి నాకంటే నిదానం, చిన్నప్పుడు గాలిపటం దారం చిక్కు తీస్తుంటేనే చూశా. నీ రేజర్ స్నేహితులెవరికీ ఇవ్వకు, వాళ్ళది నువ్వు వాడకు, హెపటైటిస్ బి, సి లాంటివి రక్తంతో కూడా వస్తాయి.

మడత కత్తి ఆరు నెలల తర్వాత. అప్పుడు కూడా ముందు చెంపలు మాత్రమే, మిగతాది మెర్కూర్ తో. ప్రతి షేవుకి ముందు తోలు పట్టీ మీద నూరాలి, వెన్ను ముందు పోవాలి, అంచు వెనక రావాలి, తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి, మర్చిపోయావో పట్టీ తెగుతుంది. చేతిలోంచి జారితే పట్టుకోబోకు, కాళ్ళు వెనక్కి లాక్కో, కిందపడి దాని అంచు పోతే పోనీ.

డబ్బా ఒకటి చేయించా, ఈ వారంలోనే నీకు చేరుతుంది. మీ తాతయ్యది పంపుతాననుకోకు, అది నా దగ్గరే ఉంటుంది. అది వచ్చేదాకా ఏ బ్లేడూ విప్పకు, ఈ నాలుగు రోజులు సబ్బు నురగ కలపడం నేర్చుకో, బ్లేడు లేకుండా రేజర్ పట్టుకుని అద్దం ముందు చెయ్యి తిప్పుకో, మీ అమ్మ నవ్వితే నవ్వనీ.

ఈ ఉత్తరం దానికి చూపించకు. చూపించినా ఏమనదులే, "ఇంకా అదే పట్టుకుని కూర్చున్నాడా" అంటుంది. కానీ ఆ వేలి సంగతి నువ్వుగా ఎత్తకు. ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు దాని కుట్టు పెట్టె తీసి నలుపు దారం ఒకటి, తెలుపు ఒకటి, ఆ రెండు సూదులకీ ఎక్కించి, కొసలు ముడేసి పెట్టు.

మీ మావయ్య